జలుబుకి వేడి రమ్ము: మా బాబాయి చేసే పద్ధతి

జలుబు చేస్తే మిలిటరీ వాళ్లు రమ్ము వేడినీళ్లలో కలుపుకుని తాగుతారట, ఎలా చేయాలి, నిజంగా తగ్గుతుందా, ఓల్డ్ మంక్ బ్రాండే కావాలా అని అడిగారు. మాది తాడేపల్లిగూడెం వైపు. మిలిటరీ మాధవరం అని పిలిచే ఊరు మాకు దగ్గరే. మా బాబాయి కూడా ఆర్మీలో చేసి రిటైరయ్యాడు. ఆయన దగ్గర చూసి నేర్చుకున్నదే చెబుతున్నా.

ఆరేడు మిరియాలు, రెండు లవంగాలు, చిన్న అల్లం ముక్క కచ్చాపచ్చాగా దంచి, ఒకటిన్నర గ్లాసు నీళ్లలో వేసి గ్లాసుడు అయ్యేదాకా మరిగించండి. చిన్న బెల్లం ముక్క వేసి, కరిగాక దించి వడగట్టండి. రమ్ము కూడా చెరకు మడ్డి నుంచి తీసేదే కాబట్టి బెల్లంతో రుచి చక్కగా కుదురుతుంది. తేనె కావాలంటే కాస్త చల్లారాక కలపండి. రమ్ము మాత్రం స్టవ్ మీద ఉండగా పోయకండి. ఆల్కహాల్ 78 డిగ్రీలకే మరుగుతుంది, ఆ ఆవిరికి మంట అంటుకోవచ్చు కూడా. గ్లాసులోకి వంచుకున్నాక 30 మి.లీ. రమ్ము, అరచెక్క నిమ్మరసం కలిపి, గుక్క గుక్కగా తాగాలి. తాగే ముందు ఆ ఆవిరి కాసేపు పీల్చండి, సగం హాయి అక్కడే ఉంది.

నీళ్లు ఎక్కువే ఉండాలి. 1740లో బ్రిటిష్ నౌకాదళంలో అడ్మిరల్ వెర్నన్, నావికులు తాగి తూలుతున్నారని ఒక పాలు రమ్ముకి నాలుగు పాళ్లు నీళ్లు కలిపి ఇమ్మని ఆర్డరేశాడు. జలుబుతో నీరసపడినవాళ్లకి అంతకన్నా పల్చగానే ఉండాలి.

ఇక తగ్గుతుందా అంటే, నా మాట: జలుబు వైరస్‌ని రమ్ము ఏమీ చేయదు. గొంతుకి హాయినిచ్చేది వేడినీళ్లు, అల్లం, మిరియాలు. రమ్ము వల్ల ఒంట్లో వెచ్చగా అనిపిస్తుంది, నిజమే. అది చర్మం దగ్గరి రక్తనాళాలు వెడల్పవడం వల్ల. లోపలి వేడి మాత్రం బయటికి పోతుంటుంది. అందుకే తాగి చలిలో తిరగకూడదు, దుప్పటి కప్పుకుని పడుకోవాలి. నిద్ర త్వరగా పడుతుంది కానీ రెండో పెగ్గు పోసుకుంటే అర్ధరాత్రి నోరు ఎండిపోయి లేస్తారు. మా బాబాయి కూడా ఒక్క గ్లాసుతో ఆపేస్తాడు, అది జలుబు చేసినప్పుడు మాత్రమే లెండి.

అసలు టెన్షన్ మందుల దగ్గర. సెట్రిజిన్ లాంటి జలుబు మాత్ర వేసుకుని రమ్ము తాగితే మత్తు ఇంకా ఎక్కువవుతుంది. పారాసెటమాల్‌తో అయితే లివర్‌కి ప్రమాదం. మాత్ర వేసుకున్న రోజు రమ్ము మానేసి ఉత్త కషాయమే తాగండి. గర్భిణులు, షుగరు, బీపీ మందులు వాడేవాళ్లు దీని జోలికి పోవద్దు. పిల్లలకి చెంచాడు బ్రాందీ పట్టే అలవాటు కొన్ని ఇళ్లలో ఇప్పటికీ ఉంది. అది కచ్చితంగా తప్పు. ఆయాసం వస్తున్నా, జ్వరం తగ్గకపోయినా డాక్టరుకి చూపించుకోండి.

బ్రాండు సంగతికొస్తే, ఓల్డ్ మంకే అక్కర్లేదు, ఏ డార్క్ రమ్మైనా సరిపోతుంది. వైట్ రమ్ము వేస్తే మిరియాల ఘాటు తప్ప ఇంకేమీ తెలియదు. ఇంట్లో బ్రాందీ ఉంటే అదీ పర్వాలేదు గానీ, అప్పుడు బెల్లం బదులు తేనె వాడండి.