నాణెం కంటే ముందు వ్యాపారిని చూడు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

మీ తాతగారి డబ్బాలోని విదేశీ నాణేల్లో కొన్ని అమ్మి, ఆ డబ్బుతో నీకు నచ్చినవి కొనాలని ఉందని రాశావు. మంచి ఆలోచన. ఎవరితో బేరం చేయాలన్నదే ఇందులో పెద్ద విషయం. సొంతంగా దుకాణం నడుపుకుంటూ, ఏళ్లుగా ఒకే చోట ఉంటూ, మాట పోతే బేరాలు పోతాయని తెలిసిన వ్యాపారిని వెతుకు. అతడిని పరీక్షించడానికి నీ డబ్బాలోనే మంచి సాధనం ఉంది: 1780 అని ముద్రించి ఉన్న ఆ పెద్ద వెండి నాణెం, మారియా థెరిసా థాలర్.

ఆస్ట్రియాను ఏలిన మారియా థెరిసా రాణి 1780లోనే చనిపోయింది. కానీ అరేబియాలోనూ ఇథియోపియాలోనూ జనం ఆమె బొమ్మ ఉన్న నాణేన్నే నమ్మారు, కొత్త బొమ్మ ఉన్నవాటిని అంతగా నమ్మలేదు. అందుకని ఆమె పోయాక కూడా అదే సంవత్సరం వేసి ముద్రిస్తూనే వచ్చారు. వియన్నాలోనే కాదు, రోములో, లండన్‌లో, రెండో ప్రపంచ యుద్ధ కాలంలో మన బొంబాయి టంకశాలలో కూడా! ఇది నాకు ఎప్పుడూ అబ్బురంగానే ఉంటుంది. కాబట్టి వ్యాపారిని "ఇది ఎప్పటిదండీ?" అని అడుగు. సంవత్సరం చూసి "రెండు వందల ఏళ్లు దాటింది" అని ధర పెంచేవాడైతే లేచి వచ్చెయ్. మంచివాడు భూతద్దం తీసి, రాణి భుజం మీది పతకాన్నీ వెనకవైపు గద్ద తోక ఈకలనూ చూసి, తర్వాతి ముద్రణ అయితే అదే చెబుతాడు. ఏ టంకశాలదో తేల్చలేకపోతే ఆ మాటా దాచడు.

నువ్వూ కొంత తెలుసుకుని వెళ్లాలి. ఈ థాలర్ బరువు 28.07 గ్రాములు, వెయ్యి పాళ్లలో 833 పాళ్లు వెండి. అంచు చుట్టూ లాటిన్ అక్షరాలు ఉబ్బెత్తుగా ఉంటాయి. పోత పోసిన నకిలీలో అవి మొద్దుబారి ఉంటాయి, ఒక్కోసారి అంచున అతుకు గీత కనిపిస్తుంది. అమెరికా పాత వెండి నాణెం మోర్గన్ డాలర్‌కు కూడా నకిలీలు లెక్కలేనన్ని. దాని అసలు బరువు 26.73 గ్రాములు. చాలా నకిలీలు కాటా మీదే దొరికిపోతాయి. వ్యాపారి తన కాటా వాడనివ్వకపోతే నీ చిన్న కాటా జేబులో ఉండాలి.

నాణేలను పరీక్షించే సంస్థ ప్లాస్టిక్ పెట్టెలో బిగించి, నాణ్యత అంకె వేసిన నాణేలు కొంటే పెట్టె మీది సంఖ్యను ఆ సంస్థ వెబ్‌సైటులో వెతికి, అక్కడ ఫోటో ఉంటే చేతిలోని నాణెంతో పోల్చు. పెట్టెలకు కూడా నకిలీలు వస్తున్నాయి. కొన్న ప్రతిదానికీ దేశం, సంవత్సరం, లోహం, ధర రాసిన రశీదు తీసుకో. నకిలీ అని తేలితే వెనక్కి తీసుకుంటానని అందులోనే రాయించు.

అమ్మేముందు దేన్నీ తోమకు. చింతపండు, బూడిద, నిమ్మరసం ఏదీ వద్దు. తోమిన నాణెం విలువ తిరిగి రాదు. జాబితా రాసుకుని కనీసం ఇద్దరిని విడివిడిగా ధర అడుగు. అద్దెలూ జీతాలూ కట్టుకోవాలి కాబట్టి వ్యాపారి తాను అమ్మే ధర నీకు ఇవ్వలేడు, అందులో తప్పు లేదు. కానీ వెండి విలువ ఎంత, అరుదుదనానికి ఎంత కలుపుతున్నాడో విడదీసి చెప్పగలగాలి. డబ్బాకంతా కలిపి ఒక్క ధర చెప్పేవాడికి ఇవ్వకు.

పాత నాణేనికి లక్షలు ఇస్తామనీ ముందు పన్ను కట్టమనీ ఫోన్లు వస్తాయి. రిజర్వు బ్యాంకు పేరు చెప్పినా పైసా పంపకు. ఆ బ్యాంకే 2021లో ఈ మోసం గురించి హెచ్చరించింది. ఇంకొకటి, వందేళ్లు దాటిన నాణెం 1972 నాటి చట్టం ప్రకారం పురావస్తువు. దాన్ని దేశం దాటించడం నేరం. విదేశీ కొనుగోలుదారు ఎంత ఆశ పెట్టినా అలాంటివి పోస్టులో పంపకు.

థాలర్ అంచునూ రెండు వైపులనూ పగటి వెలుగులో ఫోటోలు తీసి, బరువు రాసి నాకు పంపు. ఆ తర్వాతే దుకాణానికి వెళ్లు.

ఆశీస్సులతో,
మీ మామయ్య