‘మా’ అనే చిన్న మాటపై వ్యాసం రాయబోతున్న నీకు

చిరంజీవికి ఆశీస్సులు.

‘మా’ అనే ఒక్క అక్షరం ఎన్ని భాషల్లో ఎన్నెన్ని అర్థాలనిస్తుందో చూపుతూ వ్యాసం రాయాలని ఉందంటూ నీవు రాసిన ఉత్తరం చదివి ఎంతో సంతోషించాను. నీవు జతపరచిన పట్టికలో అర్థాలన్నీ నిఘంటువుల నుంచి సరిగానే ఎత్తి రాశావు. అయితే ఆ పట్టికను ఉన్నదున్నట్టు అచ్చు వేస్తే చదివినవారు ఒక్క క్షణం ఆశ్చర్యపడి పేజీ తిప్పేస్తారే తప్ప, భాష నడిచే తీరు గురించి వారికి కొత్తగా తెలిసేదేమీ ఉండదు. ప్రతి ‘మా’ దగ్గరా ఆగి, ఇది నిజంగా మనం పలికే ‘మా’యేనా అనీ, ఈ అర్థం దీనికి ఏ దారిన వచ్చింది అనీ విచారించినప్పుడే అది వ్యాసమవుతుంది.

థాయి భాషకు ఎదురుగా ‘రావడం, గుర్రం, కుక్క’ అని రాశావు. తెలుగు లిపిలో ఆ మూడూ ఒకే మాటలా కనిపిస్తాయి గాని, థాయి మాట్లాడేవారి చెవికి అవి ‘కల’, ‘కళ’ అంత వేరు. అక్కడ స్వరం, అంటే పలికేటప్పుడు గొంతు హెచ్చుతగ్గుల తీరు, అర్థాన్నే మారుస్తుంది: సమస్వరంలో పలికితే రావడం, హెచ్చు స్వరంలో పలికితే గుర్రం, కిందినుంచి పైకి లేచే స్వరంలో పలికితే కుక్క. నేను కూడా నీ వయసులో వీటిని ‘ఒకే పదానికి మూడు అర్థాలు’ అని ఒక వ్యాసంలో రాసి, తర్వాత ఆ భాషవారి నోట విన్నప్పుడు ఎంత తప్పు రాశానో గ్రహించి చాలా బాధపడ్డాను. చైనా వారి మాండరిన్‌లో అమ్మ, జనుము వంటి నార మొక్క, గుర్రం, తిట్టడం అనే నాలుగింటినీ నాలుగు స్వరాలు విడదీస్తాయి. స్వరం లేకుండా తేలికగా వాక్యం చివర చేర్చిన ‘మా’ ఆ వాక్యాన్ని ప్రశ్నగా మారుస్తుంది. వియత్నామీలో దయ్యం, కాని, అమ్మ, సమాధి, గుర్రం, వరి నారు అనే ఆరు అర్థాలకూ ఆరు స్వరాలున్నాయి. కనుక ఇటువంటి భాషల ముందు ‘ఒకే మాట’ అని ఎన్నడూ రాయవద్దు. ‘మన లిపిలో ఒకేలా కనిపించే మాటలు’ అని రాయి.

ఇలా స్వరాన్ని బట్టి అర్థం మారని భాషల్లోనూ చెవిని నమ్మి తొందరపడకూడదు. హిందీలో అమ్మను పిలిచే మాట ముక్కుతో పలికే ‘మాఁ’. మనం రాయడం మానుకున్న అరసున్న ఇక్కడ చక్కగా ఉపయోగపడుతుంది. అరబ్బీలో ‘ఏమిటి’ అనే అర్థం గల ‘మా’ వేరు, నీటిని చెప్పే మాట వేరు, ఎందుకంటే రెండోదాని చివర గొంతులో ఊపిరిని చటుక్కున ఆపే హల్లు ఒకటి ఉంది. ఎస్టోనియా భాషలో పొట్టిగా ‘మ’ అని రాస్తే నేను, దీర్ఘమిచ్చి ‘మా’ అని రాస్తే నేల.

ఇక అర్థం వచ్చిన దారి సంగతి. ఇక్కడ నీవు అన్నిటికంటే ఎక్కువ స్థలం ఇవ్వవలసింది ఫ్రెంచికీ తెలుగుకూ అని నా అభిప్రాయం. స్త్రీలింగ నామవాచకం ముందు ఫ్రెంచివారు ‘నా’ అనే అర్థంలో ‘మ’ అంటారు. మనం కూడా తల్లిని గురించి ఇతరులకు చెప్పేటప్పుడు ‘నా అమ్మ’ అనకుండా ‘మా అమ్మ’ అనే అంటాం. ధ్వనీ కలిసింది, వాడుకా కలిసింది, ఇక చుట్టరికం కలిపేయవచ్చునని ఎవరికైనా అనిపిస్తుంది. కాని ఫ్రెంచి మాట లాటిన్‌లోని ‘మెయా’ అరిగి ఏర్పడింది, మన మాట ‘మేము’కు విభక్తి చేరేటప్పుడు వచ్చే రూపం. పైగా మన ‘మా’ ఎదుటివారిని పక్కన ఉంచుతుంది, ‘మన’ వారిని కలుపుకుంటుంది. ఈ తేడా ఫ్రెంచికి గాని హిందీకి గాని లేదు. ఇటాలియన్‌లో ‘కాని’ అనే అర్థమిచ్చే ‘మా’ కూడా లాటిన్‌దే, అయితే అది ‘ఎక్కువ’ అనే అర్థం గల ‘మాగిస్’ నుంచి వచ్చింది.

సంస్కృతంలో ‘మా’ అంటే వద్దు. గ్రీకులో ఇదే పని చేసే ‘మే’తో దీనికి నిజమైన రక్తసంబంధం ఉంది. సంస్కృతంలోనే ‘మా’ అంటే లక్ష్మి కూడా, అందుకే ఆమె భర్త మాధవుడు. వాల్మీకి నోట వెలువడిన తొలి శ్లోకం ‘మా నిషాద’ అని మొదలవుతుంది. ‘వద్దు’ అని అర్థం చెప్పుకుంటే అది బోయవానికి శాపం. లక్ష్మి అని అర్థం చెప్పుకుని, ‘లక్ష్మికి నివాసమైనవాడా’ అని విష్ణువును సంబోధించినట్టుగా వ్యాఖ్యాతలు దానినే మంగళాశాసనంగా వివరించారు. ఒక్క భాషలోనే ఒక్క అక్షరం శాపాన్నీ ఆశీస్సునూ మోయగలిగిన ఈ ఉదాహరణను దయచేసి వదలవద్దు.

అరువు మాటలను విడిగా గుర్తించు: వియత్నామీలో గుర్రం చైనా నుంచి వచ్చిన మాట. తల్లిని చెప్పే మాటల్లో ఇన్ని భాషలకు ‘మ’కారం ఎలా కుదిరిందన్న ప్రశ్నకు భాషాశాస్త్రవేత్త రోమన్ యాకబ్‌సన్ 1960లో అచ్చయిన వ్యాసంలో జవాబిచ్చాడు: నోటినిండా పాలున్న పసిబిడ్డ పెదవులు విడవకుండా చేయగల ధ్వని ముక్కు నుంచి వచ్చే మూలుగే కనుక, అదే క్రమంగా పాలనూ తల్లినీ కోరే పిలుపైందన్నాడు. అయినా దీన్ని నియమంగా రాయకు. జార్జియా భాషలో ‘మామా’ అంటే తండ్రి, ‘దెదా’ అంటే తల్లి.

పోలిక కనిపించగానే బంధుత్వం ప్రకటించేవారికి చూపడానికి ఒక ఉదాహరణ సిద్ధంగా ఉంచుకో. ఆస్ట్రేలియాలో ఉత్తర క్వీన్స్‌లాండ్‌కు చెందిన ఎంబాబరమ్ అనే భాషను పరిశీలించిన భాషాశాస్త్రవేత్త ఆర్. ఎం. డబ్ల్యు. డిక్సన్, అందులో కుక్కను ‘డాగ్’ అంటారని విని నిర్ఘాంతపోయాడు. ఇంగ్లీషు ప్రభావమేమోనని వెతికితే, ‘గుడగ’ వంటి పాత రూపం అరిగి అరిగి అలా మిగిలిందని తేలింది.

నీ పట్టికలో ప్రతి మాట పక్కన మరో రెండు గడులు గీసి, ఒకదానిలో సరైన పలుకుబడినీ, రెండోదానిలో మూలాన్నీ రాయి. మూలం దొరకని మాటలను ఈ వ్యాసం నుంచి తీసివేయి, సంఖ్య తగ్గినా బెంగపడవద్దు. థాయి, వియత్నామీ, మాండరిన్ మాటలను పుట్టుకతో ఆ భాష మాట్లాడేవారి నోట విన్న తర్వాతే తెలుగు లిపిలో పెట్టు. వ్యాసాన్ని మాత్రం ‘మా’, ‘మన’ల తేడాతోనే ప్రారంభించి, ఆ మొదటి పేజీ పూర్తికాగానే నాకు పంపు.

ఆశీస్సులతో.