గాయకుడు పోయిన రోజున వికీ వ్యాసం దిద్దేటప్పుడు

చిరంజీవి అమ్మాయికి, ఆశీస్సులు.

ఒక జానపద గాయకుడు పోయాడన్న వార్త రాగానే తెలుగు వికీపీడియాలో ఆయన వ్యాసం దిద్దాలనిపిస్తుంది. తప్పక దిద్దు. కానీ ఆ రోజు ఆ పేజీకి వచ్చేంతమంది మళ్లీ ఎప్పుడూ రారు. నువ్వు రాసిన ముక్కనే ఎవరో సంతాప వార్తలోకి ఎత్తుకుంటారు. రేపు ఇంకొకరు ఆ వార్తనే మూలంగా చూపించి నీ తప్పును ఖాయం చేస్తారు. ఆ తరవాత దాన్ని పీకడం మహా కష్టం.

ముందు చావు కబురు నిజమో కాదో చూసుకో. వాట్సాప్ సందేశం, ఫేస్‌బుక్ పోస్టు మూలాలు కావు. రెండు పత్రికలు కావాలి. రెండూ ఒకే వార్తా సంస్థ కథనాన్ని వేసుకుంటే అవి ఒక్కటే లెక్క. పోయిన మనిషీ వ్యాసంలోని మనిషీ ఒకరేనా అన్నది కూడా చూడాలి. 2024 డిసెంబరు 19న మరణించింది 'బలగం' సినిమాలో పాడిన మొగిలయ్య. 2022లో పద్మశ్రీ వచ్చిన కిన్నెర మొగులయ్య వేరే మనిషి. పేరు ఒక్కటే చూసి దిద్దితే బతికున్న మనిషిని చంపినట్టవుతుంది.

వ్యాసం పక్కన ముఖ్య వివరాలుండే సమాచారపెట్టెలో, తేదీలిస్తే వయసు తానే లెక్కగట్టే మరణ తేదీ మూసకు (టెంప్లేటుకు) ముందు మరణించిన సంవత్సరం, నెల, రోజు ఇచ్చి, ఆ తరవాతే పుట్టిన తేదీ ఇవ్వాలి. తారుమారైతే వయసు తప్పు వస్తుంది. పుట్టిన తేదీకి గట్టి మూలం లేకపోతే ఆ మూస జోలికి పోకు. 2023 ఆగస్టులో 74 ఏళ్లకు మరణించాడని ఉంటే పుట్టింది 1948 కావచ్చు, 1949 కావచ్చు. పత్రికలు తలో వయసూ చెబితే రెంటినీ మూలాలతో చూపించు, సగటు తియ్యకు. 'జీవిస్తున్న ప్రజలు' వర్గం తీసేసి '2023 మరణాలు' లాంటిది చేర్చు. అన్ని భాషల వికీలకూ ఉమ్మడి సమాచార భాండారమైన వికీడేటాలో కూడా మరణ తేదీ, స్థలం మూలంతో నింపు. చాలా భాషల సమాచారపెట్టెలు అక్కడినుంచే తీసుకుంటాయి.

ఇక వాక్యం. 'ప్రజల గుండెచప్పుడైన శ్రీ గద్దర్ గారు తిరిగిరాని లోకాలకు తరలిపోయారు' అని ఎవరో రాసి ఉంటారు. దాన్ని '2023 ఆగస్టు 6న హైదరాబాదులో మరణించాడు' అని మార్చి, పక్కనే మూలం పెట్టు. గారు, శ్రీ తీసేసి ఏకవచనంలో రాయడం అక్కడి పద్ధతి, అందులో అమర్యాద లేదు. తెలుగులో 'గాయకుడు' అన్న మాటకు కాలం లేదు కాబట్టి మొదటి వాక్యం అలాగే నిలుస్తుంది. లోపల ఎక్కడో దాక్కున్న 'పాడుతున్నాడు', 'నివసిస్తున్నాడు' లాంటివి వెతికి మార్చు. ఎవరెవరు సంతాపం తెలిపారన్న జాబితా వద్దు.

అన్నిటికన్నా జాగ్రత్త పాటల దగ్గర కావాలి. సంతాప వార్తల్లో ఆయన పాడిన ప్రతి పాటా 'ఆయన కలం నుంచి జాలువారింది' అయిపోతుంది. జానపదంలో ఒకరు రాస్తారు, ఇంకొకరు వరస కడతారు, మరొకరు పాడతారు. కొన్ని పాటలైతే ఊరివి, ఈయన సేకరించాడంతే. కొన్నిటికి పాత వరస మీద కొత్త మాటలు పడ్డాయి. అందుకే ఒక్కో పాటకూ రాశాడా, సేకరించాడా, వరస కట్టాడా, పాడాడా అని విడివిడిగా తేల్చు. క్యాసెట్ అట్ట, అచ్చయిన పాటల పుస్తకం, సినిమా టైటిళ్లు సంతాప వార్తకన్నా నమ్మదగ్గవి. ఆధారం దొరక్కపోతే 'పాడాడు' దగ్గరే ఆగి, అనుమానాన్ని వ్యాసానికి జతగా ఉండే చర్చ పేజీలో రాయి. ఇంకొకరి పాటను పోయినవాడి ఖాతాలో వేస్తే, రాసిన ఆ పేదవాడి పేరు ఎక్కడా మిగలదు.

పాట మొత్తం ఎక్కించకు. మన దేశంలో కవి పోయిన మరుసటి ఏడాది మొదటినుంచి 60 ఏళ్లపాటు కాపీహక్కు ఉంటుంది. 2023లో పోయినవాడి రచనలు 2084లో గానీ స్వేచ్ఛ కావు. ఫొటో హక్కు మామూలుగా తీసినవాళ్లది, ఇంట్లో దాచుకున్నవాళ్లది కాదు. కుటుంబం ఇచ్చింది కదా అని వికీ బొమ్మలు దాచే కామన్స్‌లో ఎక్కిస్తే తొలగిస్తారు. తీసినవాళ్ల చేతే, ఎవరైనా వాడుకోవచ్చనే స్వేచ్ఛా లైసెన్సు ఇప్పించు.

ఆ రోజు నలుగురూ ఒకేసారి దిద్దుతారు కాబట్టి వ్యాసమంతా తెరిచి కూర్చోకు. ఒక్కో విభాగం తెరిచి, చిన్న మార్పు చేసి, దిద్దుబాటు సారాంశం రాసి భద్రపరుచు. లేకపోతే దిద్దుబాటు ఘర్షణ వచ్చి గంట పని గంగలో కలుస్తుంది. పత్రికల లింకులు త్వరగా చచ్చిపోతాయి. ప్రతి మూలాన్నీ అదే రోజు వెబ్ పేజీల నకళ్లు దాచే వేబ్యాక్ మెషీన్‌లో దాచి, ఆ లింకు కూడా మూలంలో చేర్చు. పేజీని వీక్షణ జాబితాలో పెట్టుకుని దశదినకర్మ దాకా రోజూ ఒకసారి పేజీ మార్పుల చరిత్ర చూడు. 'గారు' మళ్లీ వచ్చి చేరుతుంది, పాటలూ చేరతాయి.

ఉంటాను,
పెదనాన్న