కోడ్ చూసి సెన్సర్ కొనకు అల్లుడూ

చిరంజీవి అల్లుడికి మావయ్య ఆశీస్సులు.

నిన్న రాత్రి ఫోన్లో నువ్వు అడిగింది ఒక్క ముక్క: "స్కానర్‌లో కూలెంట్ టెంపరేచర్ సెన్సర్ అని వచ్చింది మావయ్యా, ఏ కంపెనీది కొనమంటావు?" పక్కన టిప్పర్ ఓనరు తొందరపెడుతున్న గొంతు కూడా వినిపించింది. అందుకే అప్పుడు సాగదీయలేదు. ఆటోనగర్‌లో షెడ్డు మూసి, తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

స్కానర్ చూపించే లోపం కోడ్‌లో రెండు నంబర్లుంటాయి. ఎస్‌పీఎన్ 110 అంటే గోల ఎక్కడిదో చెప్పేది, కూలెంట్ వేడి. దాని పక్కనుండే ఎఫ్‌ఎంఐ ఆ గోల ఎలాంటిదో చెబుతుంది. మనవాళ్లు మొదటిది చదివి షాపుకి పరిగెత్తుతారు, రెండోదాని మొహం చూడరు. నీకు వచ్చింది 3. సెన్సర్ వైరు మీద ఓల్టేజీ ఉండాల్సినదానికన్నా ఎక్కువుందని అర్థం. సెన్సర్ లోపల తెగినా 3 వస్తుంది, దారిలో వైరు తెగినా 3 వస్తుంది, కప్లర్ (వైరు సెన్సర్‌కి తగిలే ప్లగ్గు) వదులైనా 3 వస్తుంది. మరి సెన్సరే పోయిందని నీకెవరు చెప్పారు?

పొద్దున్నే ఇలా చెయ్యి. ఇంజిన్ ఆపి సెన్సర్ కప్లర్ తియ్యి. వైరింగ్ వైపున్న రెండు పిన్నులను చిన్న వైరు ముక్కతో కలుపు. కీ ఆన్ చేసి కోడ్ మళ్లీ చదువు. 3 పోయి 4 (ఓల్టేజీ తక్కువని) వచ్చిందంటే ఈసీయూ, అదే ఇంజిన్ కంప్యూటర్, నుంచి అక్కడిదాకా వైరు బాగానే ఉంది, నిశ్చింతగా సెన్సర్ కొనుక్కో. 3 అలాగే కూర్చుంటే వైరు పట్టుకుని వెనక్కి నడువు, ఎక్కడో క్లాంపు దగ్గర దొరుకుతుంది. ఈ పద్ధతి రెండు వైర్ల టెంపరేచర్ సెన్సర్లకే. ఆయిల్ ప్రెషర్ లాంటి మూడు వైర్ల వాటి దగ్గర చెయ్యకు. 5 ఓల్టుల సప్లై ఎర్త్‌కి తగిలితే ఇంకో నాలుగు కోడ్లు లేస్తాయి, అసలుదేదో కొసరుదేదో తెలియక నీకే టెన్షన్.

నేనేదో పుట్టు పండితుణ్ణని అనుకోకు. 2020 ఏప్రిల్ తర్వాత బీఎస్6 (కొత్త పొగ నిబంధనల) బండ్లు షెడ్డుకి రావడం మొదలైన కొత్తలో ఓ లారీ పికప్ లేదని వచ్చింది. ఎస్‌పీఎన్ 3226, సైలెన్సర్ చివర పొగలో నైట్రోజన్ ఆక్సైడ్లు కొలిచే నాక్స్ సెన్సర్. పేరు చూశాను, కొత్తది తెప్పించాను, బిగించాను. కోడ్ కదల్లేదు. ఎఫ్‌ఎంఐ 9 అని మొదటి రోజు నుంచీ కళ్లెదుటే ఉంది. 9 అంటే ఆ సెన్సర్ నుంచి రావాల్సిన మెసేజీ టైముకి రావడం లేదని. మెసేజీ రాకపోతే ముందు చూడాల్సింది కరెంటు, ఎర్త్, బండిలోని కంప్యూటర్లూ సెన్సర్లూ మెసేజీలు పంపుకునే క్యాన్ వైర్లు. చాసిస్ బ్రాకెట్‌కి ఒరుసుకుని సప్లై వైరు తోలు లేచిపోయింది, లోపల రాగి పచ్చగా చిలుము పట్టి ఉంది. బాగు చెయ్యడానికి అరగంట పట్టింది. ఆ ఓనరు మొహం చూడలేక సెన్సర్ డబ్బు నా జేబులోంచి పెట్టుకున్నాను. అప్పటినుంచి, ఒకేసారి పది కోడ్లు వస్తే నేను ముందు మల్టీమీటరే తీస్తాను. బ్యాటరీ తీగ ఊడదీసి, స్కానర్ తగిలించే 16 పిన్నుల సాకెట్‌లో క్యాన్ వైర్లవైన 6, 14 పిన్నుల మధ్య ఓమ్స్ చూస్తాను. చాలా బండ్లలో 60 రావాలి. 120 వస్తే ఓ చివర రెసిస్టర్ తెగినట్టు. సున్నా దగ్గరికొస్తే రెండు వైర్లూ ఎక్కడో అంటుకున్నట్టు. సాకెట్‌కీ క్యాన్ వైర్లకీ మధ్యలో గేట్‌వే అనే పెట్టె ఉన్న బండ్లలో ఈ లెక్క కుదరదు, గుర్తుంచుకో.

ఇక పార్టుల సంగతి. బండి మోడల్ పేరు చెప్పి పార్టు అడిగావంటే షాపువాడు తన దగ్గర ఉన్నది ఇస్తాడు. చాసిస్ నంబరు మొత్తం 17 అక్షరాలూ ఇవ్వు. ఎంఏటీతో మొదలైతే టాటా, ఎంబీ1 అయితే అశోక్ లేలాండ్, ఎంఈసీ అయితే భారత్‌బెంజ్. అందులో ఇంగ్లిష్ ఐ, ఓ, క్యూ అక్షరాలు ఉండవు, కాబట్టి గుండ్రంగా కనిపించింది సున్నాయే. మసి పట్టిన చోట డీజిల్ గుడ్డతో తుడిచి, ఆరాక సుద్దముక్క అడ్డంగా రుద్దితే గుద్దిన అంకెలు తేలతాయి. అప్పుడు ఫోటో తియ్యి. నోటితో చెప్పావో, ఎనిమిది మూడవుతుంది.

కానీ మన దారిలో తిరిగే పాత బండ్లలో ఎన్నిటికి పుట్టినప్పటి ఇంజినే ఉంది? ఇంజిన్ మారిన బండికి చాసిస్ నంబరు అబద్ధం చెబుతుంది. అందుకే ఇంజిన్ పార్టుకి ఇంజిన్ ప్లేటే చూడు. కమిన్స్ ఇంజిన్ అయితే ఈఎస్‌ఎన్ (ఇంజిన్ సీరియల్ నంబరు)తో పాటు సీపీఎల్ (లోపలి పార్టుల జాబితా) నంబరు కూడా రాసుకో. పక్కపక్కన నిలబెడితే కవలల్లా ఉండే ఇంజిన్లకు కూడా సీపీఎల్ వేరైతే లోపలి పార్టులు వేరు కావచ్చు. గేర్‌బాక్స్‌కి, యాక్సిల్‌కి వాటి ప్లేట్లు వాటికున్నాయి. ప్లేటు ఊడిపోతే పాత పార్టు చేతిలో పట్టుకునే షాపు మెట్లెక్కు. క్లచ్ ప్లేటైతే వ్యాసం కొలువు, మధ్యలో స్ప్లైన్ పళ్లు రెండుసార్లు లెక్కపెట్టు.

డీజిల్ చిమ్మే కామన్ రైల్ ఇంజెక్టర్ మార్చేటప్పుడు దాని మీద చెక్కి ఉన్న కోడ్‌ని బిగించకముందే ఫోటో తీసుకో. ఆ కోడ్ ఎక్కించమని సాఫ్ట్‌వేర్ అడిగినప్పుడు మళ్లీ కవర్ విప్పే పని తప్పుతుంది.

సాఫ్ట్‌వేర్ గురించి అడిగావు. మొదట్లో అన్ని కంపెనీల బండ్లకూ పనికొచ్చే స్కానర్ ఒకటి చాలు, 24 ఓల్టులకు తయారైనదే కొను. కారు స్కానర్ లారీకి పెట్టకు. పెన్‌డ్రైవ్‌లో చవగ్గా దొరికే దొంగ కాపీలతో కోడ్లు చదువుకుంటే చదువుకుంటావేమో గానీ, ఈసీయూలోకి ప్రోగ్రాం ఎక్కించే సాహసం మాత్రం వద్దు. అసలు సాఫ్ట్‌వేర్‌తో ఎక్కించేటప్పుడైనా చార్జర్ తగిలించి పెట్టు, మధ్యలో బ్యాటరీ పడిపోతే బండి అక్కడే మొరాయిస్తుంది. పొగను శుభ్రం చేసే యూరియా సిస్టం తీసేసి కంప్యూటర్‌ని మోసం చెయ్యమని ఎవడో ఒకడు తప్పకుండా వస్తాడు. చట్టం ఒప్పుకోదు, నేనూ ఒప్పుకోను. యూరియా బదులు నీళ్లు పోసుకుని వచ్చినవాళ్లనీ చూశాను, అది వేరే ఉత్తరం.

టిప్పర్ వైరు కలిపి చూశాక 3 వచ్చిందో 4 వచ్చిందో పదింటిలోపు ఫోన్ చెయ్యి. 4 అయితే ఇంజిన్ ప్లేటు ఫోటో కూడా పంపు, సెన్సర్ ఇక్కడే తీసుకుని సాయంత్రం చిలకలూరిపేట బస్సులో వేస్తాను. అమ్మని అడిగానని చెప్పు.

మీ మావయ్య