తిరుపతిలో ఉంటూ ఫార్ములా కార్ల జాతీయ ఛాంపియన్‌షిప్ సీజన్ మొత్తం చూడొచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది: తమ్ముడు ఇంటర్ చదువుతున్నాడు, టీవీలో ఎఫ్‌వన్ చూసి పిచ్చెక్కి ఉన్నాడు, మన దేశంలో జరిగే ఫార్ములా కార్ల ఛాంపియన్‌షిప్ ఒక సీజన్ మొదటి నుంచి చివరిదాకా వాడికి చూపించాలి, తిరుపతి నుంచి అది అయ్యే పనేనా అని.

అవుతుంది. నేను చేశాను. కాకపోతే మొదటి రౌండు (ఒక వారాంతంలో జరిగే రేసులు) ఒక్కటే ప్రేక్షకుడిగా చూశాను, మిగతావన్నీ మార్షల్‌గా చేశాను. జెండా ఊపే ఉద్యోగం, జీతం ఉండదు.

ముందు దూరం సంగతి. మన దేశంలో ఈ రేసులకు పాత పుట్టిల్లు చెన్నై. ఒకప్పుడు షోళవరంలో విమానాల పాడుబడ్డ రన్‌వే మీద జరిగేవి. ఇప్పుడు శ్రీపెరంబుదూరు పక్కన ఇరుంగాట్టుకోట్టైలో మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ వాళ్ల ట్రాక్ ఉంది, ఒక ల్యాప్, అంటే ఒక చుట్టు, సుమారు 3.7 కిలోమీటర్లు. మనకు పుత్తూరు, నగరి, తిరుత్తణి, తిరువళ్లూరు మీదుగా మూడు గంటల ప్రయాణం. బండి లేకపోతే సప్తగిరి ఎక్స్‌ప్రెస్‌లో తిరువళ్లూరులో దిగి అక్కణ్నుంచి బస్సు. నేను మొదటిసారి బయల్దేరుతుంటే మా నాయన అన్న మాట: "ఏమిరా, పుత్తూరు మీదుగానే గదా పోయేది, వచ్చేటప్పుడు ఆ ఎముకల కట్టు గూడా కట్టించుకోని రా." అమ్మ మాత్రం శ్రీపెరంబుదూరు పేరు వినగానే మెత్తబడింది. రామానుజాచార్యులు పుట్టిన ఊరు కదా, గుడికి పోతున్నానని అనుకుంది. నేనూ కాదనలేదు. రెండో రౌండప్పుడు నిజంగానే ఆదికేశవ పెరుమాళ్ దర్శనం చేసుకుని ప్రసాదం తెచ్చిచ్చాను, లెక్క సరిపోయింది.

ఇక రేసు. మొదటి రౌండు గ్యాలరీలో కూర్చుని చూశాను. నిజం చెప్తున్నా, బోరు. కార్లన్నీ గుంపుగా తేనెటీగల్లా వస్తాయి, పోతాయి, మళ్లీ దాదాపు రెండు నిమిషాలు ఖాళీ. ఎవరు ముందో, ఎవరు ల్యాప్ వెనకబడ్డారో తెలియదు. టీవీలో అయితే పక్కన పట్టిక, కామెంటరీ ఉంటాయి. ఇక్కడ ఎండ ఉంటుంది. మీ తమ్ముణ్ని ఇలా ఒకసారి తీసుకెళ్లి వదిలేస్తే వాడి పిచ్చి అక్కడితో దిగిపోతుంది.

మార్షల్‌గా వెళ్తే అదే రేసు వేరేలా ఉంటుంది. ఒక మలుపు దగ్గర పోస్టు ఇస్తారు, సాయంత్రం దాకా ఆ మలుపే మన ప్రపంచం. ముందు తరగతి పెట్టి నేర్పిస్తారు. పసుపు జెండా అంటే ముందు ప్రమాదం ఉంది, ఓవర్‌టేక్ చేయొద్దు. నీలం అంటే వెనక వేగంగా వచ్చేవాడికి దారి ఇవ్వు. పసుపు మీద ఎర్ర చారలుంటే ట్రాక్ జారుతోందని. నల్ల జెండాలో నారింజ రంగు చుక్క ఉంటే నీ బండిలో ఏదో చెడింది, పిట్‌కు (బండ్లు బాగుచేసే చోటికి) రా. అన్నిటికంటే ముందు నేర్పేది, వచ్చే కార్లకు వీపు చూపించకూడదని. మొదటి రోజే నేను ఒక రాంగ్ మనిషికి నీలం జెండా ఊపాను. పాపం అతను నాలుగో స్థానం కోసం కొట్లాడుతున్నాడు. మా పోస్టు పెద్దాయన అరవంలో తిట్టిన తిట్లు సగమే అర్థమయ్యాయి, చిత్తూరోణ్ని కాబట్టి ఆ సగమే ఎక్కువైంది.

మేం ఎక్కువగా చూసింది ఎల్‌జీబీ (ఒక కంపెనీ పేరు) ఫార్ములా కార్లు. మారుతి 1.3 లీటర్ల ఇంజన్, నాలుగు చక్రాలూ బయటికి. అన్నీ ఒకే రకం కార్లు కాబట్టి డబ్బున్నవాడికి పెద్ద ఇంజన్ కొనుక్కునే వీలు లేదు. అందుకే అన్నీ ఒకదాని తోక ఒకటి పట్టుకుని తిరుగుతుంటాయి.

ఒకసారి మా మలుపు దగ్గర ఒక కారు ఆగిపోయింది. యాక్సిలరేటర్ కేబుల్ తెగింది. నలుగురం తోసి రెయిలింగ్ వెనక్కి చేర్చాం. ఇంజన్ దగ్గర చెయ్యి పెడితే పెనం మీద పెట్టినట్టే. కుర్రాడు హెల్మెట్ తీసి మా పక్కన నేల మీద కూర్చున్నాడు. తిట్టలేదు, ఏడవలేదు. నా దగ్గరున్న పులిహోర పొట్లంలో సగం తిన్నాడు. తర్వాత పులిహోర ఆకు పక్కన మట్టిలో పుల్లతో అంకెలు రాయడం మొదలుపెట్టాడు: తన పాయింట్లు, పైవాడివి, ఇంకా మిగిలిన రేసులు. అవతల కార్లు గోల చేస్తూ పోతుంటే తలెత్తి కూడా చూడలేదు. అప్పటిదాకా నేను సీజన్ అంటే గెలుపుల చిట్టా అనుకునేవాణ్ని. వాడికి అది నెల జీతం లెక్కలాంటిది, ఒక రోజు సున్నా పడితే ఆఖరిదాకా లోటే. చివరి రౌండు అయ్యాక పట్టిక చూశాను. వాడి పైనున్నవాడికీ వాడికీ మధ్య ఉన్న తేడా, ఆ ఒక్క రేసు పూర్తి చేసి ఉంటే తీరిపోయేది.

కోయంబత్తూరు రౌండుకు కొంచెం ప్లాన్ కావాలి. తిరుపతి నుంచి ఇంటర్‌సిటీ రైలు ఉంది కానీ రోజూ ఉండదు. అక్కడి ట్రాక్ పేరు కారి మోటార్ స్పీడ్‌వే, 2.1 కిలోమీటర్లు. ఫార్ములా మారుతి కారు తయారుచేసిన కరివర్ధన్ పేరు పెట్టారు. ఆయన 1995లో విమాన ప్రమాదంలో పోయారు. మారుతి 800 ఇంజన్ పెట్టిన ఆ చిన్న కార్లతోనే నరైన్ కార్తికేయన్ మొదలుపెట్టి 2005లో ఎఫ్‌వన్ దాకా వెళ్లాడు. ఈ ముక్క మీ తమ్ముడికి చెప్పండి, పనికొస్తుంది.

2023లో ఎఫ్4 (కుర్రాళ్లు ఎఫ్‌వన్ వైపు ఎక్కే కింది మెట్టు) ఇండియన్ ఛాంపియన్‌షిప్ కూడా మొదలైంది. ఆ డిసెంబర్‌లో చెన్నై రోడ్ల మీద రాత్రి రేసు అంటే ఎగిరి గంతేసి పేరిచ్చాను. మిచౌంగ్ తుఫాను వచ్చింది. చెన్నై మునిగింది, రేసు వాయిదా పడింది, నేను ఇంట్లో కూర్చుని వాన చూశాను. చివరికి అది 2024 ఆగస్టు చివర, సెప్టెంబర్ మొదట్లో జరిగింది. అప్పటికి నాకు ఉద్యోగం, లీవు దొరకలేదు. ఇప్పటికీ ఆ కడుపుమంట తగ్గలేదు. ఆ రెండు సీజన్లలోనూ ఎఫ్4 టైటిల్ ఆస్ట్రేలియా కుర్రాళ్లే పట్టుకుపోయారు: 2023లో కూపర్ వెబ్‌స్టర్, 2024లో హ్యూ బార్టర్.

తమ్ముడు నడపాలని కూడా అంటున్నాడా? అది వేరే కథ. ముందు కార్టింగ్, తర్వాత ఎఫ్‌ఎంఎస్‌సీఐ (దేశంలో మోటార్ రేసుల సమాఖ్య) లైసెన్సు, ఆపైన సీజన్‌కు లక్షలు. నేను ఆ దారిలో పోలేదు, కాబట్టి సలహా ఇవ్వను.

మార్షల్‌గా చేరడానికి 18 నిండాలని మాకు చెప్పారు. వాడికి ఇంకా నిండకపోతే ఈ ఏడాది మీరు చేరండి, వాణ్ని గ్యాలరీలో కూర్చోబెట్టి సాయంత్రం మీ మలుపులో ఏం జరిగిందో చెప్పండి. శుక్రవారం ప్రాక్టీసు నుంచే వెళ్లండి, ఆదివారం ఒక్కరోజు చూస్తే తలా తోకా తెలియదు. బూట్లు వేసుకోండి, చెప్పులైతే పోస్టులోకి రానివ్వరు. పులిహోర మాత్రం ఇద్దరికి సరిపడా కట్టించుకోండి.