పేరాకు ఒకే వాదన

అమ్మాయ్,

అనంతపురం వేరుశనగ మీద నువ్వు పంపిన అధ్యాయం చదివినాను. సమాచారం దండిగా ఉంది గానీ పేరాలు నిలబడలేదు. మూడో పేరానే చూడు: వానతో మొదలై, విత్తనం ధర మీదుగా బెంగళూరు వలసల్లో తేలింది. అది మూడు పేరాల సరుకు.

మొదటి వాక్యం విషయం పేరు చెప్తే చాలదు, దాని మీద నీ వాదన చెప్పాల. 'అనంతపురంలో వర్షపాతం తక్కువ' అంటే ఎవరూ కాదనరు. ఇంక రుజువు చేసేదేముంది? 'వాన తగ్గడం కంటే అదును తప్పడమే శనక్కాయ పంటను ఎక్కువ దెబ్బతీస్తోంది' అని రాయి. చదివేవాళ్లు 'ఎట్లా?' అంటారు. దానికి జవాబే మిగతా పేరా.

తర్వాత ఆధారం: జిల్లా సగటు వాన ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు. నువ్వు అంకె పెట్టి, వెంటనే పక్క విషయానికి పోయినావు. ఎక్కువమంది తడబడేది ఇక్కడే. అంకె వెనకాలే రెండు మూడు వాక్యాల వివరణ రావాల: ఊడలు, అంటే పూత తర్వాత నేలలోకి దిగి కాయ కట్టే కాడలు, దిగే రోజుల్లో నేలలో పదును (తేమ) లేకుంటే ఎర్రనేల గట్టిపడుతుంది, ఊడ దిగదు, దిగినా కాయ ఊరదు. అప్పుడు రావాల్సిన వాన కోతల ముందు కురిస్తే ఏడాది లెక్క సరిపోతుంది, దిగుబడి మాత్రం రాదు. ఈ చివరి మాటతో పేరా తన మొదటి వాక్యాన్ని అందుకుంది. విత్తనం ధరకు ఇందులో చోటు లేదు, వేరే పేరా ఇయ్యి.

ఎవరి ఉల్లేఖనతోనూ పేరా ముగించొద్దు. దాని తర్వాత నీ వ్యాఖ్య ఒక్క వాక్యమైనా ఉండాల. 'అంతేగాక' అని మొదలుపెట్టిన ప్రతిచోటా ఆగి చూడు. సంబంధం లేని రెండు ముక్కలను అతికించడానికే అది తరచూ వస్తుంది.

తెలుగులో ఇంకో చిక్కుంది. 'విత్తి, ఎదురుచూసి, నష్టపోయి, అప్పు చేసి' అంటూ క్త్వార్థాలు (వాక్యాన్ని ముగించని ఇట్లాంటి క్రియలు) గొలుసు కడితే పేరా అంతా ఒకే వాక్యమైపోతుంది, ఏది కారణమో ఏది ఫలితమో తెలీదు. రెండు దాటితే క్రియతో ముగించి, కొత్త వాక్యం ఎత్తుకో. పేరాకు అయిదు నుంచి ఎనిమిది వాక్యాలు చాలు.

అన్ని పేరాల మొదటి వాక్యాలనూ వరసగా ఒక కాగితం మీద రాసుకుని చదువు. అధ్యాయం సారాంశంలా సాగకుంటే, ఎక్కడ తెగిందో అక్కడి పేరా మార్చు. ముందు ఆ మూడోదాన్ని తిరగరాసి పంపు.