పిజ్జా నచ్చలేదని రివ్యూ రాస్తే దావా వేస్తారా?

ప్రశ్న: మేం షికాగోలో ఉంటాం. మా వీధి చివర ఒక చిన్న డీప్ డిష్ పిజ్జా రెస్టారెంట్ ఉంది. ఓనర్‌ది వింత పద్ధతి. ఏ పిజ్జా కావాలో ముందే ఫోన్‌లో చెప్పాలి, కెచప్ అడిగితే అందరి ముందూ గంట మోగిస్తాడు. చాలామందికి అదే సరదా. మాకు మాత్రం తిండీ నచ్చలేదు, తీరూ నచ్చలేదు. ఆన్‌లైన్‌లో ఇలా రాశాను: ‘క్రస్ట్ అట్టముక్కలా ఉంది. 45 నిమిషాలన్నారు, గంటన్నర కూర్చోబెట్టారు. లోపల పిండి పచ్చిగానే ఉంది. బిల్లులో 20 శాతం కొట్టేశారు. కిచెన్‌లో ఎలుకలు తిరుగుతాయట.’ అక్కడ ఎప్పుడూ తినని నా స్నేహితులిద్దరు నాకు తోడుగా ఒక్కో స్టార్ ఇచ్చారు. ఇప్పుడు వాళ్ల లాయర్ నుంచి లెటర్ వచ్చింది. పది రోజుల్లో రివ్యూ తీసేయకపోతే 25 వేల డాలర్లకు దావా వేస్తారట. టేబుల్ బుక్ చేసినప్పుడు ఒప్పుకున్న షరతు ప్రకారం చెడ్డ రివ్యూకి 250 డాలర్లు విడిగా కట్టాలట. ఓనరేమో ఫోన్ చేసి, ఐదు స్టార్లకు మారిస్తే గిఫ్ట్ కార్డ్ ఇస్తానన్నాడు. నేను హెచ్1బీ మీద ఉన్నాను. చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చేయాలి?

జవాబు: ముందు వీసా భయం పక్కన పెట్టండి. ఇండియాలో పరువు నష్టం నేరం కూడా కాబట్టి లాయర్ నోటీసు అనగానే మనకు పోలీసులు గుర్తొస్తారు. ఇక్కడ మీకు వచ్చింది సివిల్ దావా బెదిరింపు. ఒకవేళ దావా వేసినా, అందులో మీరు ఓడిపోయినా, అది డబ్బుతో తేలే వ్యవహారం. అరెస్టు ఉండదు, క్రిమినల్ రికార్డు ఉండదు.

ఆ 250 డాలర్లు కట్టకండి. కస్టమర్లు రివ్యూ రాయకూడదని, రాస్తే జరిమానా అని ముందే అచ్చువేసిన షరతులు పెట్టడాన్ని 2016 నాటి కన్స్యూమర్ రివ్యూ ఫెయిర్‌నెస్ యాక్ట్ నిషేధించింది. మీరు బుకింగ్‌లో టిక్ పెట్టినా ఆ షరతు మొదటినుంచీ చెల్లదు. అసలు అలాంటి షరతు పెట్టినందుకు వినియోగదారుల తరఫున చూసే కేంద్ర సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ గానీ రాష్ట్ర అటార్నీ జనరల్ గానీ ఆ రెస్టారెంట్ మీదే చర్య తీసుకోవచ్చు. అయితే ఆ చట్టం చూసి పూర్తిగా ధీమాగా ఉండకండి. అది షరతును కొట్టేస్తుంది గానీ, పరువు నష్టం దావా వేసే హక్కును తీసేయదు.

ఇక అసలు సంగతి మీ రివ్యూ. దాన్ని మొత్తంగా మంచిదనో చెడ్డదనో కోర్టు చూడదు, ఒక్కో వాక్యం విడదీసి చూస్తుంది. ఈ మాటకు కచ్చితమైన అర్థం ఉందా, నిజమో అబద్ధమో నిరూపించడానికి వీలుందా, చదివినవాళ్లు దీన్ని జరిగిన విషయంగా తీసుకుంటారా అని అడుగుతుంది. ‘క్రస్ట్ అట్టముక్కలా ఉంది’ అన్నది మీ రుచి. అది అబద్ధమని ఎవరూ నిరూపించలేరు. ఇంకా ఘాటుగా రాసినా పర్వాలేదు. గంటన్నర కూర్చోబెట్టారన్నది మాత్రం జరిగిన విషయం, కానీ నిజమైతే భయం లేదు. బిల్లు మీద టైమ్ ఉంటుంది, మీరు పంపిన మెసేజ్‌లు ఉంటాయి. నిమిషాలు అటూ ఇటూ అయినా సారాంశం నిజమైతే చాలు.

పిండి పచ్చిగా ఉందన్న చోట కాస్త జాగ్రత్త కావాలి. డీప్ డిష్‌లో చీజ్ అడుగున, టొమాటో సాస్ పైన వేసి అరగంట నుంచి ముప్పావు గంట దాకా కాలుస్తారు. చీజ్‌కు ఆనుకున్న పిండి తడిగానే కనిపిస్తుందని వాళ్లు వాదిస్తారు. ‘మా ముక్కలో పిండి పచ్చిగా అనిపించింది’ అని రాసి, ఫోటో ఉంటే పెట్టండి. మీరు చూసింది చూసినట్టు చెప్పారు, నిర్ణయం చదివేవాళ్లకు వదిలారు. దాని మీద దావా నిలబడటం కష్టం.

నన్ను కలవరపెట్టినవి మిగిలిన రెండు వాక్యాలు. 20 శాతం ‘కొట్టేశారు’ అంటే దొంగతనం అంటగట్టినట్టు. మెనూలోనో బిల్లు కిందనో సర్వీస్ చార్జ్ అని అచ్చువేసి ఉంటే ఆ మాట మీకే ఎదురు తిరుగుతుంది. నేరం అంటగట్టినా, వృత్తిలో నిజాయితీ లేదన్నా మన షికాగో ఉన్న ఇలినాయ్ రాష్ట్రంలో నష్టం జరిగినట్టే కోర్టు భావిస్తుంది. ఎంత నష్టపోయారో వాళ్లు విడిగా రుజువు చేయక్కర్లేదు. ‘చెప్పకుండా 20 శాతం సర్వీస్ చార్జ్ వేశారు, నాకు నచ్చలేదు’ అనండి, అది కూడా నిజంగా చెప్పకపోతేనే.

ఎలుకల మాట ఈరోజే తీసేయండి. మీరు చూడలేదు, ఎవరో అన్నారు. విన్నమాట రాసినా రాసినవాళ్లదే బాధ్యత. ‘నా అభిప్రాయంలో’ అని ముందు తగిలిస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. నిరూపించదగ్గ విషయాన్ని అభిప్రాయం అన్నంత మాత్రాన రక్షణ రాదని అమెరికా సుప్రీంకోర్టు 1990లోనే, మిల్కోవిచ్ కేసులో తేల్చేసింది. పైగా కొన్ని టేబుళ్లున్న చిన్న హోటల్‌ను మూయించడానికి ఎలుకల పుకారు ఒక్కటి చాలు. వాళ్ల పద్ధతి మీకు నచ్చకపోవచ్చు, కానీ అక్కడ పనిచేసేవాళ్ల జీతాలు ఆ పేరు మీదే నడుస్తాయి. శుభ్రత గురించి నిజంగా అనుమానముంటే సిటీ హెల్ప్‌లైన్ 311కి ఫోన్ చేయండి, సిటీ ఆరోగ్య శాఖ వచ్చి చూస్తుంది. వాళ్ల తనిఖీ ఫలితాలు ఎవరైనా ఆన్‌లైన్‌లో చూడవచ్చు. ప్రభుత్వానికి చేసే ఇలాంటి ఫిర్యాదులకు ఇలినాయ్‌లో 2007 నుంచి సిటిజన్ పార్టిసిపేషన్ యాక్ట్ అండ ఉంది. రివ్యూకు కూడా అది పనికొస్తుందని లెక్క వేసుకోకండి. 2012లో శాండ్‌హోమ్ కేసులో రాష్ట్ర సుప్రీంకోర్టు దాని పరిధిని బాగా కుదించింది.

మీ స్నేహితులు వెంటనే తమ స్టార్లు తీసేయాలి. తినకుండా తిన్నట్టు రాయడం అబద్ధం. అది మీ నిజమైన అనుభవాన్ని కూడా కక్ష సాధింపులా చూపిస్తుంది. మారుపేరుతో రాశాం కదా అనుకుంటే అదీ పని చేయదు. దావాకు ముందే పేరు బయటపెట్టించుకునే వీలు ఇలినాయ్‌లో ఉంది. 2015లో హ్యాడ్లీ కేసులో ఒక మారుపేరు కామెంట్ వెనక ఉన్న మనిషి వివరాలు ఇంటర్నెట్ కంపెనీ ఇవ్వాల్సిందేనని రాష్ట్ర సుప్రీంకోర్టు చెప్పింది. ఇక రివ్యూ సైట్ మీద దావా వెయ్యకుండా ఫెడరల్ చట్టంలోని సెక్షన్ 230 అడ్డుపడుతుంది. అందుకే బరువంతా రాసినవాళ్ల మీదే పడుతుంది.

గిఫ్ట్ కార్డ్ వద్దనండి. మంచి రివ్యూ రాస్తేనే ఇస్తాననడం 2024 అక్టోబర్ 21 నుంచి అమల్లో ఉన్న ఫెడరల్ ట్రేడ్ కమిషన్ రూల్‌కు విరుద్ధం. చట్టంలో ఆధారం లేని దావా బెదిరింపులతో రివ్యూలు తీయించడం కూడా అదే రూల్ ప్రకారం తప్పు. ఎలుకల మాటా ‘కొట్టేశారు’ అన్న మాటా ఉన్నంత వరకు వాళ్ల బెదిరింపుకు కొంత ఆధారం ఉన్నట్టే. ఆ రెండూ తీసేస్తే పరిస్థితి మీ వైపు తిరుగుతుంది.

ఏదీ మార్చకముందే రివ్యూకు, లెటర్‌కు, బుకింగ్ షరతులకు స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి. బిల్లు, కార్డ్ స్టేట్‌మెంట్ దాచండి. ఓనర్ ఫోన్ చేసిన తేదీ, అన్న మాటలు రాసి పెట్టుకోండి. ఫోన్‌లో వాదనకు దిగకండి. అభ్యంతరకరమైన రెండు వాక్యాలు తీసేశానని, మిగిలింది నా అనుభవం కాబట్టి ఉంచుతున్నానని, 250 డాలర్ల షరతు చెల్లదని వాళ్ల లాయర్‌కు నాలుగు వాక్యాల్లో ఈమెయిల్ రాస్తే చాలు. పంపే ముందు ఇక్కడి లాయర్ ఒకరికి చూపించండి. అద్దె ఇంట్లో ఉండేవాళ్లు తీసుకునే రెంటర్స్ ఇన్సూరెన్స్ ఉంటే పాలసీ కూడా తీసి చూడండి, కొన్నిటిలో పరువు నష్టం దావాలకు కవరేజ్ ఉంటుంది.

దావా వేయడానికి వాళ్లకు రివ్యూ పెట్టిన రోజు నుంచి ఒక సంవత్సరం గడువుంది. వేస్తే సమన్లు వస్తాయి. ఆ కాగితంలో చెప్పిన గడువులోపు కోర్టులో హాజరు నమోదు చేయాలి. చేయకపోతే మీ మాట వినకుండానే తీర్పు ఇచ్చేస్తారు.